బొట్టు లేకుండా మరోసారి

పులివెందులలో కొత్త బండి కొన్నవాళ్ళు ముందుగా ఆంజనేయస్వామి గుడికి వచ్చి పద్మనాభయ్యను వెతుక్కునేవాళ్ళు. మోటారుసైకిళ్ళు, ట్రాక్టర్లు, బోరు లారీలు, తొండూరు రైతులు కొన్న మందు కొట్టే మిషన్లు, ఏవైనా సరే ఆయన ఉంగరపు వేలితో గంధం, కుంకుమ అద్దితే గానీ రోడ్డెక్కేవి కావు. అందుకే కూతురు సింధూ ఫోను చేసి, "నాన్నా, మా రాకెట్టుకు నువ్వే వచ్చి పూజ చెయ్యాల," అన్నప్పుడు ఆయనకు ఆశ్చర్యం కలగలేదు. సంతోషం మాత్రం పట్టలేకపోయాడు. గుడికి వచ్చిన వాళ్ళందరికీ ఆ మాట రెండేసి సార్లు చెప్పుకున్నాడు.

సింధూ ప్రొద్దుటూరులో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆమె, ఆమె స్నేహితులు యోగేష్, నూరుల్లా, వాళ్ళ లెక్చరర్ మురళీకృష్ణ సారు కలిసి ఏడాదిగా ఆ రాకెట్టు కడుతున్నారు. దీపావళికి కాల్చే రకం కాదది. మనిషిని మించిన ఎత్తు, కాలి పిక్కంత లావు, ఒళ్ళంతా ఫైబర్ గొట్టం. కిలోమీటరు పైకి పోయి, అక్కడ దాని ముక్కు ఊడి, లోపల మడిచి పెట్టిన పారాచూట్ విచ్చుకుని, మెల్లగా నేలకు దిగాలి. పోలీసుల నుంచీ, పై ఆఫీసుల నుంచీ అనుమతులన్నీ తెచ్చుకున్నారు. జమ్మలమడుగు అవతల, పెద్దముడియం దగ్గర ఫకీర్ సాహెబ్ అనే రైతు శనగ పీకేసిన తన చేనును ఆ ఒక్క ఉదయానికి వాడుకోమన్నాడు.

పద్మనాభయ్య పట్టుపంచె కట్టుకుని, పూజసామాన్ల సంచీతో ఆ చేలో దిగేసరికి రాకెట్టు ఇనుప పట్టీకి ఆనుకుని నిలబడి ఉంది. తెల్లటి ఒళ్ళు, ఎర్రటి రెక్కలు. నల్లరేగడి నేలలో అది మొలిచినట్టే ఉంది. ఆయన చుట్టూ తిరిగి చూశాడు. టెంకాయ కొట్టాడు, కర్పూరం వెలిగించాడు. బొట్టు ఎక్కడ పెట్టాలా అని వెతుకుతుంటే గొట్టం మీద, తన గుండెల ఎత్తున, పెసరగింజంత రంధ్రం ఒకటి కనిపించింది. గుండ్రంగా, ముచ్చటగా ఉంది. బొట్టు కోసమే గుర్తు పెట్టినట్టుంది అనుకుని దాని మీదే గంధం అద్ది, పైన కుంకుమ దిద్దాడు. యోగేష్ ఫొటోలు తీశాడు. సింధూ అప్పుడు వైర్లు కలుపుకుంటూ అటు పక్క ఉంది.

అందరూ దూరంగా ట్రాక్టరు ట్రాలీ వెనక్కి పోయారు. నూరుల్లా గట్టిగా అంకెలు వెనక్కి లెక్కపెట్టాడు. సింధూ మీట నొక్కింది.

గుప్పుమని దుమ్ము లేచింది. ఆ వెంటనే వచ్చిన చప్పుడుకు పద్మనాభయ్య రెండు చెవులూ మూసుకున్నాడు. తెల్లటి పొగ గీత గీసుకుంటూ రాకెట్టు నిట్టనిలువునా పోయింది. "పోయింది! పోయింది!" అని పిల్లలు ఎగిరారు. ఆయన కూడా ఎగిరినంత పని చేశాడు. నిప్పు ఆరిపోయినా అది ఇంకా పైకి పోతూనే ఉంది.

అప్పుడు 'టప్' మని ఒక చప్పుడు. చాలా చిన్నది. ఆకాశంలో ఒకటిగా ఉన్నది రెండయింది, చూస్తుండగానే నాలుగయింది. ఎర్రటి పారాచూట్ గుడ్డ ఒక్కసారి బుస్సున పొంగి, పేలికలై పక్కకు కొట్టుకుపోయింది. రెక్కలున్న తోక ముక్క గింగిరాలు తిరుగుతూ కిందికి వస్తోంది. అది ఎటు వస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. పరుగెత్తాలని తెలుసు, ఎటు పరుగెత్తాలో తెలియదు.

అది చేను గట్టు మీద, ఫకీర్ సాహెబ్ నిలబడి చూస్తున్న చోటికి రెండు బారల దూరంలో దిగబడింది. మట్టి ఎగిరి ఆయన చొక్కా నిండా పడింది. ఆయన కదల్లేదు. నోరు తెరిచి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఎలా చూస్తున్నాడో అలాగే ఉండిపోయాడు. గట్టు కింద మేస్తున్న మేకలు మాత్రం చెల్లాచెదురై అరుస్తూ పోయాయి.

"మామా! మామా, దెబ్బ తగిలిందా?" సింధూ రేగడి పెళ్ళల మీద పడుతూ లేస్తూ పరుగెత్తింది.

ఫకీర్ సాహెబ్ మెల్లగా ఆమె వైపు తిరిగాడు. "ఏందిమ్మా ఇది?" అన్నాడు. "గొడుగు మాదిరి మెల్లంగ దిగుతుందంటివే!"

పద్మనాభయ్య దగ్గరికి వచ్చేసరికి కూతురి పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

ముక్కలన్నీ ఏరుకొచ్చి ప్లాస్టిక్ పట్ట మీద పరిచారు. మురళీకృష్ణ సారు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే తిప్పి చూశాడు. మోటారు పగల్లేదు, ఎక్కడా కాలిన మచ్చ లేదు. రెక్కలు గట్టిగానే ఉన్నాయి. పైన ముక్కును తోసి పారాచూట్‌ను బయటికి నెట్టాల్సిన మందు ఒకటి ఉంటుంది. అది పేలనే లేదు, గిన్నెలో పోసింది పోసినట్టే ఉంది.

"మందు పేలకుండానే ముక్కు ఊడింది," అన్నాడు సారు. "అంత స్పీడులో పారాచూట్ బయటికొస్తే ఇంక ఏం మిగుల్తుంది? గొట్టాన్ని చీరేసింది."

"దానంతట అది ఎట్ల ఊడుతుంది?" పద్మనాభయ్య ఉండబట్టలేక అడిగాడు.

సింధూ తండ్రికి చెప్పింది. పైకి పోయేకొద్దీ బయట గాలి పలచనవుతుంది. గొట్టం లోపల మాత్రం నేల మీది గాలే ఉంటుంది. అది బయటికి రావాలని ముక్కును నెడుతుంది. అలా నెట్టకుండా ఉండడానికే, లోపలి గాలి మెల్లగా పోవడానికి, గొట్టానికి చిన్న రంధ్రం పెడతారు.

"ఏ రంధ్రం?" అన్నాడాయన.

యోగేష్ పట్ట మీద నుంచి పై గొట్టం ముక్క తీశాడు. ఒక పక్క నిలువునా చీలిపోయిన ఆ తెల్లటి గొట్టం మీద, కింది అంచుకు కాస్త పైన, గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉంది బొట్టు. రంధ్రం నిండా గంధం గట్టిపడి ఉంది.

"సార్, హోల్ మూసుకపోయింది," అన్నాడు యోగేష్. ఎవరినీ అనాలని అన్నట్టు లేదు ఆ కుర్రవాడు. చూసింది చెప్పాడు, అంతే. కానీ అక్కడున్న వాళ్ళందరి చూపులూ పద్మనాభయ్య చేతి మీదికి పోయాయి. ఉంగరపు వేలి కొస ఇంకా ఎర్రగానే ఉంది. ఆయన ఆ చేతిని పంచె మడతలోకి దాచుకున్నాడు.

* * *

ఆ సాయంత్రానికే రాకెట్టు పగిలిన వీడియో, బొట్టు కథతో సహా, పులివెందుల చేరింది. ఎవరో కింద రాశారు: 'పంతులు బొట్టు పెట్టె, రాకెట్టు పట్టుమనె.' టీ అంగళ్ళ దగ్గర పిల్లలు దాన్ని పాట కట్టి పాడుకున్నారు. గుడికి వచ్చిన పెద్దమనుషులు కూడా నవ్వు ఆపుకోలేక, "ఏం సామీ, మొన్న నా బండికి యాడ పెట్టినావో చూసుకోవాల్నా?" అన్నారు. వాళ్ళు సరదాకే అన్నారు. పద్మనాభయ్య కూడా నవ్వినట్టే ముఖం పెట్టాడు.

ఆయన్ను పట్టి పీడించింది ఆ నవ్వులు కాదు. కళ్ళు మూస్తే చాలు, గట్టు మీద దిగబడిన తోక ముక్క, దాని పక్కన నోరు తెరుచుకుని ఫకీర్ సాహెబ్. ఆ మనిషి రెండడుగులు ఇటు వేసి ఉంటే? తన వేలితో, మంత్రం చదువుతూ, మంచి జరగాలని పెట్టిన బొట్టు ఒక మనిషి ప్రాణం మీదికి పోయిందే! ఈ ఆలోచన రాగానే చేతిలో పంచపాత్ర ఉంటే కింద పెట్టేసేవాడు.

ఆ వారమే చీనీ, అంటే బత్తాయి, తోటల రైతు ఒకడు కొత్త ట్రాక్టరుతో వచ్చాడు. పద్మనాభయ్య హారతి ఇచ్చాడు, టెంకాయ కొట్టాడు, కుంకుమ భరిణె మాత్రం రైతు చేతికే ఇచ్చాడు. "నువ్వే పెట్టుకో నాయనా," అన్నాడు.

భార్య సరస్వతి బడిలో టీచరు. ఆ సంగతి విని మండిపడింది. "ట్రాక్టరుకు ఏం రంధ్రం ఉండాదని భయపడతాండావు?"

"నాకేం తెలుసు? రాకెట్టుకు ఉంటుందని తెలుసునా? చూసి ముచ్చటపడినా. ముచ్చటపడి మూసినా."

"బిడ్డ ఏమన్నా అనిందా నిన్ను?"

"ఏమీ అనలేదు," అన్నాడాయన. "అదే కదా."

నిజమే. సింధూ ఒక్క మాట అనలేదు. రోజూ చేసే ఫోను కూడా చేయలేదు. పదో రోజో, పదకొండో రోజో చేసింది. గొంతు బాగా అలసిపోయి ఉంది.

"నాన్నా, ఒకసారి జమ్మలమడుగుకు రావాల నువ్వు. నూరుల్లా వాళ్ళన్న ఏసీలు రిపేరు చేసే షాపు ఉండాది బస్టాండు కాడ. ఆడికి రా. ఆ దినం పెట్టినట్టే మళ్ళా ఒకసారి బొట్టు పెట్టాల."

"నా తప్పును నా చేతనే చూపించమంటావా అమ్మా?" అన్నాడు పద్మనాభయ్య.

"తప్పో కాదో చూడల్ల గదా నాన్నా. అందరూ బొట్టు అంటాండారు. ఎవరూ చూడలే."

"చూసినారు. నేనూ చూసినా."

"మూసుకుపోయిన హోల్ చూసినారు. దానివల్లనే ముక్కు ఊడిందని చూడలే."

ఆ రెండింటికీ తేడా ఏమిటో ఆయనకు అర్థం కాలేదు. అయినా కూతురు పిలిచింది. మరునాడు గంధపు చెక్క, సాన, కుంకుమ భరిణె సంచీలో వేసుకుని బస్సెక్కాడు.

* * *

షాపు వెనక రేకుల షెడ్డులో ఒక పెద్ద ఇనుప డ్రమ్ము పెట్టారు. దానికి పైన మందపాటి అద్దం లాంటి ప్లాస్టిక్ మూత. పక్కన ఏసీల్లో గ్యాసు నింపే ముందు లోపలి గాలిని లాగేసే పంపు. రాకెట్టు పై భాగానికి అచ్చంగా అలాంటిదే ఇంకొకటి, అదే కొలతలతో, అదే చేతులతో, అదే రోజుల్లో కట్టి పెట్టుకున్నారట, ఏదైనా విరిగితే మార్చుకోవడానికి. దాన్నిప్పుడు డ్రమ్ములో నిలబెడతారు. పంపుతో గాలి లాగుతూ పోతే గొట్టానికి తాను ఆకాశంలోకి పోతున్నట్టే లెక్క. ముక్కు ఊడుతుందో లేదో కళ్ళతో చూడొచ్చు.

మురళీకృష్ణ సారు పద్మనాభయ్యకు కుర్చీ వేయించాడు. "స్వామీ, మీరేమీ మనసులో పెట్టుకోవద్దండి. హోల్ మీద ఏదీ పడకుండా చూసుకోవాల్సింది మేము," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆ మంచి మాటలోనే తీర్పు కూడా ఉందని పద్మనాభయ్యకు అనిపించింది.

ఆయన నేల మీద కూర్చుని గంధం అరగదీశాడు. ఆ రోజు పెట్టినంతే గంధం, ఆ రోజు పెట్టినంతే కుంకుమ, రంధ్రం మీద సరిగ్గా అద్దాడు. ఆరేదాకా అందరూ ఆగారు. నూరుల్లా గొట్టాన్ని డ్రమ్ములో నిలబెట్టి, మూత బిగించి, పంపు వేశాడు.

పంపు గుర్రుమంటోంది. మీటరు ముల్లు మెల్లగా కదులుతోంది. "రెండు వందల మీటర్లు... మూడు వందలు..." అని సింధూ చదువుతోంది. పద్మనాభయ్య మూత మీదికి వంగి ఆ తెల్లటి ముక్కునే చూస్తున్నాడు. ఊడకు తల్లీ, ఊడకు.

"ఐదు వందలు..."

'ఢబ్' మంది. ముక్కు ఎగిరి మూతకు కొట్టుకుంది. పద్మనాభయ్య ఉలిక్కిపడి వెనక్కి పడబోతే యోగేష్ పట్టుకున్నాడు.

నూరుల్లా పంపు ఆపాడు. పద్మనాభయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతవరకూ మనసులో ఏదో మూల, ఎవరికీ చెప్పుకోని చోట, 'నాది కాదేమో' అన్న ఆశ ఒకటి ఉండేది. అది ఇప్పుడు పోయింది.

"అయిపోయింది," అన్నాడు మురళీకృష్ణ సారు నిట్టూర్చి. "మనం అనుకున్నదే. రిపోర్టు రాసేద్దాం."

"ఆగండి సార్," అంది సింధూ. "బొట్టు లేకుండా మరోసారి చూడల్ల."

"ఇంక దేనికే?" అన్నాడు యోగేష్. "ఊడింది కదా. మీ నాయన మొగం చూడు, ఆయన్ని ఇంకా ఎంత సేపు నిలబెడతావు?"

"బొట్టు పెడితే ఊడింది. పెట్టకపోతే ఊడదని చూసినామా?"

"పెట్టకపోతే ఎందుకు ఊడుతుంది? హోల్ తెరిచే ఉంటుంది కదా!"

"అదే చూద్దామంటాండా."

ఆమె తడి దూదితో బొట్టు తుడిచింది. గంధం అంతా పోయేదాకా, రంధ్రం మళ్ళీ నల్లటి చుక్కలా కనిపించేదాకా తుడిచింది. ముక్కు మళ్ళీ బిగించింది. పద్మనాభయ్యకు ఇదంతా కూతురు తన మీద జాలితో చేస్తున్న పనిలా తోచింది. ఈసారి ముక్కు నిలుస్తుంది, తన తప్పు రెండోసారి, ఇంకా గట్టిగా రుజువవుతుంది. ఆయన మూత దగ్గరికి పోలేదు. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

పంపు మొదలైంది. "రెండు వందలు... మూడు వందలు... నాలుగు..."

'ఢబ్'.

ఆయన గిరుక్కున తిరిగి చూశాడు. నలుగురూ డ్రమ్ము చుట్టూ కొయ్యబారి నిలబడి ఉన్నారు. మూత కింద ముక్కు పక్కకు ఒరిగి పడి ఉంది. యోగేష్ నోరు తెరిచి ఉంది.

"బొట్టు లేదు కదా?" అన్నాడు పద్మనాభయ్య. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "తుడిచినారు కదా? మరి ఎట్ల ఊడె?"

సింధూ గొట్టాన్ని బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది. రంధ్రంలోకి చూసింది, వేలితో తడిమింది. తరువాత చున్నీకి ఉన్న పిన్నీసు తీసి, దాని మొన రంధ్రంలో పెట్టి నెట్టింది.

పిన్నీసు లోపలికి పోలేదు.

గోరు మందం దిగి ఆగిపోయింది. ఆమె మళ్ళీ నెట్టింది. 'టిక్' మని దేనికో తగిలింది. ఇంకోసారి నెట్టింది. పిన్నీసు వంగింది గానీ పోలేదు. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోవడం పద్మనాభయ్య చూశాడు.

"ఏందిమ్మా? ఏందది?"

మురళీకృష్ణ సారు గొట్టం లాక్కుని టార్చి వేసి చూశాడు. రంధ్రం వెనక చీకటి లేదు. లేత గోధుమ రంగు గోడ ఉంది.

"లోపలి గొట్టం," అంది సింధూ. నేల మీద అట్లాగే కూర్చుండిపోయింది. "రెండు భాగాలూ అతకడానికి లోపల ఇంకో గొట్టం దూరుస్తాం కదా సార్. డ్రాయింగులో అది జానెడే. అతుకు కదులుతాండాదని, గట్టిగా ఉండాలని, నేనే మూరెడు చేసినా. హోల్ పాత డ్రాయింగు ప్రకారం వేసినాం. ఆ మర్నాడు నేను లోపలి గొట్టం అంటించినా. అది పోయి హోల్ వెనక నిలబడింది. బయట నుంచి చూస్తే హోలే. లోపలికి దారే లేదు. ఎప్పుడూ లేదు."

"మరి పగిలిన ముక్కలో..." అన్నాడు నూరుల్లా.

"పగిలినప్పుడు లోపలి గొట్టం కింది ముక్కతో పాటు ఊడొచ్చేసింది. అందుకే ఎవరికీ కనపల్లే. బొట్టు ఒకటే కనపడింది."

మురళీకృష్ణ సారు గొట్టం కింద పెట్టాడు. "నువ్వు పొడుగు చేస్తానని నాతో చెప్పినావు," అన్నాడు మెల్లగా. "నేను సరే అన్నా. డ్రాయింగు మళ్ళా తెరిచి చూడలేదు. పన్నెండేండ్లుగా పాఠం చెప్తాండా నేను."

మొదట పద్మనాభయ్య గుండెల మీద నుంచి బండరాయి ఒకటి దొర్లిపోయింది. ఊపిరి నిండుగా లోపలికి వెళ్ళింది. నాది కాదు! నా వేలిది కాదు! లేచి నిలబడి బయటికి పోయి ఆ మాట గట్టిగా అరవాలనిపించింది. అప్పుడు నేల మీద కూర్చున్న కూతురు కనిపించింది. వంగిన పిన్నీసును రెండు వేళ్ళతో పట్టుకుని, దాన్ని తిన్నగా చేయాలని చూస్తోంది. ఆ రాయి దొర్లి ఎవరి మీద పడిందో ఆయనకు అప్పుడు తెలిసింది. తన సంతోషానికి తనకే సిగ్గేసింది.

ఆయన మురళీకృష్ణ సారు దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి అన్నాడు. "సారూ, ఊరంతా బొట్టు అనుకుంటాండారు. నాకు పోయేదేమీ లేదు, నవ్వేవాళ్ళు ఎట్లా నవ్వేసినారు. బొట్టు అనే రాసేయండి. బిడ్డకు ఇంక ఉద్యోగాలు చూసుకునే కాలం."

సారు కాదనలేదు, అవుననలేదు. సింధూ వింది.

"నాన్నా!" ఆమె గొంతు అంత పెద్దగా లేవడం ఆయన ఎప్పుడూ వినలేదు. "బొట్టు అని రాస్తే ఏమవుతుంది? మా తర్వాత కట్టే వాళ్ళు ఇవే కొలతలతో కడతారు. బొట్టు పెట్టకుండా ఎగరేస్తారు. మళ్ళా ఐదు వందల మీటర్ల కాడ ముక్కు ఊడుతుంది. ఈ తూరి ఎవరి నెత్తిన పడుతుంది?"

పద్మనాభయ్యకు గట్టు, మట్టి పడిన చొక్కా మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చాయి. తానేం అడిగాడో అప్పుడు గానీ ఆయనకు అర్థం కాలేదు. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం వాళ్ళు లోపలి గొట్టాన్ని జానెడుకు కోశారు. పిన్నీసు ఈసారి తల దాకా దిగింది. పద్మనాభయ్యను మళ్ళీ బొట్టు పెట్టమన్నారు. పెట్టాడు. పంపు వేశాక కొంతసేపటికి రంధ్రం మీద ఎండిన గంధం పెళ్ళ తుప్పున ఊడి ఎగిరిపోయింది. వెయ్యి మీటర్ల లెక్క దాటినా ముక్కు కదల్లేదు. నూరుల్లా చప్పట్లు కొట్టబోయి, సింధూను చూసి ఆగిపోయాడు.

"అయినా హోల్ మీద మాత్రం పెట్టొద్దు నాన్నా," అంది ఆమె. "ఈ పొద్దు ఊడింది. ఇంకో పొద్దు ఊడకపోవచ్చు."

"ఇంక పెడతానా?" అన్నాడాయన. ఆ రోజు షెడ్డులో ఎవరైనా నవ్వింది అప్పుడొక్కసారే.

* * *

ప్రొద్దుటూరు కాలేజీలో అందరి ముందూ నిలబడి సింధూ జరిగింది జరిగినట్టు చెప్పింది. 'మేము' అనకుండా 'నేను' అనే చెప్పింది. మురళీకృష్ణ సారు లేచి, సరే అన్నది తానేనని కలిపాడు. ఆ ఏడాదికి రాకెట్టు పని ఆపేశారు. వేసవిలో వేరే రాష్ట్రంలో జరగాల్సిన పోటీకి పోయే అవకాశం కూడా పోయింది. యోగేష్ కొన్నాళ్ళు ఆమెతో ముభావంగా ఉన్నాడు. పులివెందులలో పాట మెల్లగా ఆగిపోయింది. పంతులు బొట్టు కాదన్న సంగతి మాత్రం పాటంత వేగంగా ఎవరికీ చేరలేదు.

ఒక ఆదివారం తండ్రీ కూతుళ్ళు పెద్దముడియం వెళ్ళారు. "ముందు ఆయనకు చెప్పాల్సింది," అని సింధూయే బయలుదేరదీసింది.

ఫకీర్ సాహెబ్ ఇంటి ముందు మంచం వాల్చి కూర్చోబెట్టాడు. ఆమె ఒక గుడ్డ గొట్టంలా చుట్టి, లోపల ఇంకొకటి దూర్చి, వేలితో చూపించి మొత్తం చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. మధ్యలో రెండుసార్లు ఆపి అడిగాడు కూడా.

"అంటే సామి బొట్టు కాదన్నమాట."

"కాదు మామా. నేను చేసిందే."

"ఊరికే సామిని ఆడిపోసుకున్యారు గదా, పాపం." ఆయన గడ్డం నిమురుకున్నాడు. "ఇంత దూరం వచ్చి నా తప్పే అని చెప్పినావు. శానా మంచిదమ్మా. మా ఇంట్లో కూడా ఎవరూ చెప్పరు ఇట్ల."

సింధూ ధైర్యం తెచ్చుకుంది. "వచ్చే ఏడు మా జూనియర్లు మళ్ళా ఎగరేస్తారు మామా. అన్నీ సరిచూసుకునే ఎగరేస్తారు. మీ చేను..."

"వద్దమ్మా," అన్నాడు ఫకీర్ సాహెబ్.

కోపంగా అనలేదు. లోపల్నుంచి వచ్చిన మజ్జిగ గ్లాసులు వాళ్ళ చేతికి అందిస్తూ అన్నాడు.

"నువ్వు చెప్పింది నాకు తెలిసింది. అదేదో తెలియక జరిగింది, ఇంక జరగదు. నమ్మినా. కానీ ఆ పొద్దు నుంచి నేను చేన్లో వంగి పని చేస్తాంటే, పైన పిట్ట పోయినా తల ఎత్తి చూస్తాండా. ఎందుకు చూస్తాండానో నాకే తెల్దు. నా చేను మాత్రం వద్దు."

ఈ జవాబు వస్తుందని సింధూ అనుకోలేదు. నిజం చెబితే మనుషులు క్షమిస్తారని అనుకుంది. క్షమించాడు కూడా. అయినా ఆయన తల ఎత్తి చూస్తూనే ఉంటాడు.

"సరే మామా," అంది.

రోడ్డు దాకా నడిచి వచ్చి బస్సు కోసం నిలబడ్డాక ఆమె ఉన్నట్టుండి ఏడ్చింది. రాకెట్టు పగిలిన రోజు ఏడవలేదు, షెడ్డులో ఏడవలేదు, కాలేజీలో ఏడవలేదు. పద్మనాభయ్య ఊరుకోబెట్టలేదు. ఆమె చేతిలోని సంచీ తీసుకుని తన భుజానికి వేసుకుని, ఎండ ఆమె మీద పడకుండా ఆ పక్కకు జరిగి నిలబడ్డాడు. జమ్మలమడుగు బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి, ఆయన పక్కన కూర్చున్నాడు.

"వచ్చే ఏడు పిల్లోళ్ళు కట్టేటప్పుడు నువ్వు పోయి చూస్తావా?" అని అడిగాడు కొంత దూరం పోయాక.

"పోతా నాన్నా," అంది సింధూ ముఖం తుడుచుకుంటూ. "అతుకులన్నీ నేనే చూస్తా."

కండక్టరు టికెట్లు కొడుతూ వాళ్ళ సీటు దగ్గరికి వచ్చాడు. పద్మనాభయ్య రెండు జమ్మలమడుగు అన్నాడు.